రక్తనాళపు పనిముట్లు, వాని వెల

గుండెకు నెత్తురు గొనిపోవు నాళము పూడిపోయినపుడు దానిని లోపలినుండియే తెరచి, మరల మూసికొనకుండ నిలిపియుంచు సన్నని లోహపు జాలికి స్టెంటని పేరు. ఒక తరము క్రిందట ఆ మాట వైద్యులకే తెలియును. నేడు పల్లెలోని రైతునకును తెలియును. పట్టణపు ఆసుపత్రిలో ఇంటిపెద్ద మంచముపై నుండగా, ఏ రకపు స్టెంటు వేయవలెనో గంటలోపల తేల్చిచెప్పుడని అడుగగా, పొలమో నగలో కుదువబెట్టినవారిని ఎరుగని గ్రామము మన దేశమున అరుదు. కావున ఈ వస్తువు వెల, పుట్టుక, నాణ్యము అను విషయములు వైద్యులకే విడిచిపెట్టదగినవి కావు.

2017 ఫిబ్రవరి 13వ తేదీన జాతీయ ఔషధ ధరల నియంత్రణ సంస్థవారు దీనికి గరిష్ఠపు వెల కట్టిరి. వట్టి లోహపు స్టెంటునకు 7,260 రూపాయలు. మందు పూసిన దానికి 29,600 రూపాయలు. అంతకుముందు మందు పూసిన స్టెంటును లక్ష రూపాయలకును, అంతకు మించియు అమ్ముచుండిరి. ఈ సంస్కరణము ప్రభుత్వము తనంత తాను తలపెట్టినది కాదు. ఢిల్లీ న్యాయవాది యొకరు హైకోర్టునకెక్కిన పిమ్మట, 2016 జులైలో స్టెంటు అత్యవసర ఔషధముల పట్టికలో చేరినది. ఆ తరువాతనే వెల కట్టుటకు దారి యేర్పడినది. అప్పుడు బయటపడిన లెక్కలు చూచి దేశము నివ్వెరపోయినది. మందు పూసిన స్టెంట్లపై ఆసుపత్రులు వేసికొనిన లాభము కొన్నియెడల 654 శాతము వరకు నుండెనని ఆ సంస్థయే ప్రకటించినది. తయారుచేసినవానికంటె, సముద్రములు దాటించి తెచ్చినవానికంటె, కడపట రోగి చేతికిచ్చినవాడే ఎక్కువ గడించెనన్నమాట.

నాటినుండి నేటివరకు రెండు వాదములు వినబడుచున్నవి. వెలకు హద్దు పెట్టినచో క్రొత్త పనిముట్లు కనిపెట్టువాడెవడును ఈ దేశమునకు రాడు, ఇక్కడను పుట్టడు అని వ్యాపారులందురు. వెల తగ్గినది గదా, ఇక చేయవలసినదేమున్నదని కొందరు ప్రభుత్వోద్యోగులును, వారి వెనుకనున్న రాజకీయ నాయకులును తృప్తి చెందియున్నారు. ఈ రెండింటిలో ఏదియు ఈ పనిముట్ల చరిత్రమునకు ఒప్పి నిలువదు. ఆ చరిత్రము మిక్కిలి చిత్రమైనది గనుక కొంచెము విపులముగనే చెప్పుచున్నాము.

1929లో జర్మనీలోని ఎబర్స్‌వాల్డె అను చిన్న పట్టణపు ఆసుపత్రిలో వెర్నర్ ఫోర్స్‌మన్ అను పాతికేండ్ల వైద్యుడుండెను. బ్రతికియున్న మనుష్యుని గుండెలోనికి వెలుపలినుండి గొట్టమును పంపవచ్చునని అతని నమ్మకము. పై అధికారి వలదనెను. ఫోర్స్‌మన్ మూత్రవైద్యమున వాడు సన్నని రబ్బరు గొట్టమును తన చేతి సిరలోనికి తానే దోపుకొని, దాదాపు రెండడుగులు లోనికి పంపి, ఆ గొట్టముతోనే ఎక్స్‌రే గదికి నడచిపోయి, దాని కొన తన గుండెలో నున్నట్లు పటము తీయించుకొనెను. పెద్దలు మెచ్చుకొనలేదు; అతనికి ఆ దారిలో స్థానము దొరకలేదు. హృదయవైద్యము విడిచి మూత్రవైద్యుడై జీవించుచుండగా 1956లో కూర్నాండ్, రిచర్డ్స్ అను మరియిద్దరితో గూడ నోబెల్ బహుమానము లభించినది. ఆ యిద్దరును అతని ఉపాయమును అమెరికాలో పెంచి వాడుకలోనికి తెచ్చినవారు.

గొట్టము గుండె చేరుట ఒకటి. ఆ గొట్టముతోనే చికిత్స చేయుట మరియొకటి. రెండవదానికి మూలపురుషులు ఇద్దరు. థామస్ ఫోగర్టీ అను అమెరికా వైద్యుడు శస్త్రచికిత్సపు చేతితొడుగు వ్రేలికొనను కత్తిరించి గొట్టమునకు దారముతో బిగించి, నాళములో అడ్డుపడిన రక్తపుగడ్డను దాటించి, అటుపిమ్మట ఆ కొనను ఉబ్బించి, వెనుకకు లాగి గడ్డను బయటికి తెచ్చు పనిముట్టును 1960ల ఆరంభమున చేసెను. ఆ తరుణములో రబ్బరును గొట్టమునకు అంటించు జిగురు లేదు. చిన్ననాట గాలమునకు దొంగయీగలు కట్టిన నేర్పు అతనికి అక్కరకు వచ్చినది. రెండవవాడు చార్లెస్ డాటర్. 1964 జనవరి 16న పోర్ట్‌లండులో, పాదము కుళ్లి కాలు తీసివేయవలసి వచ్చియు ఒప్పుకొనని ఒక ముదుసలి స్త్రీ తొడ నాళమును, ఒకదానికొకటి తొడిగిన గొట్టములతో వెడల్పు చేసెను. ఆమె కాలు నిలిచినది. తన కాళ్లమీదనే నడచుచు మిగిలిన జీవితము గడపినది. స్వదేశపు శస్త్రవైద్యులు ఆయనను పిచ్చివానిగ చూచిరి. ఐరోపాలోని వైద్యులు శ్రద్ధగా విని ఆయన పేరుతోనే ఆ విధానమును పిలిచిరి.

అట్లు విన్నవారిలో ఆండ్రియాస్ గ్రుంట్‌సిగ్ ఒకడు. జర్మనీలోని డ్రెస్డెనున పుట్టి స్విట్జర్లండు చేరినవాడు. జూరిచ్ ఆసుపత్రిలో పగలు పనిచేసి, రాత్రులు తన వంటయింటి బల్లపై భార్యతోను, సహాయకురాలితోను, ఆమె భర్తతోను కూర్చుండి బుడగలు చేయుచుండెను. వారికి ఎదురైన చిక్కు విశదమైనదే. మెత్తని రబ్బరు బుడగను నాళములో ఊదినచో అడ్డములేని వైపునకు ఉబ్బును. గట్టిపడిన కొవ్వును మాత్రము నొక్కదు. ఒక కొలతవరకే ఉబ్బి, అటుపై పగిలిననేమి గాని పెరగని గట్టి బుడగ కావలెను. ఒక రసాయనశాస్త్రజ్ఞుని సలహాతో పాలీవినైల్ క్లోరైడను ప్లాస్టిక్కున దానిని సాధించెను. 1976లో అమెరికా హృదయవైద్యుల సభలో కుక్కలపై చేసిన ప్రయోగములను చూపగా పెక్కుమంది నమ్మలేదు. 1977 సెప్టెంబరు 16న, మెలకువతోనున్న 38 ఏండ్ల రోగి గుండె నాళమును ఆ బుడగతో తెరచెను. పదేండ్ల పిమ్మట చూడగా ఆ నాళము తెరచుకొనియే యుండెను. అప్పటికి గ్రుంట్‌సిగ్ లేడు. 1985లో తన విమానము తానే నడుపుచు కూలి మరణించెను.

బుడగతో తెరచిన నాళములలో సుమారు మూడింట నొకటి కొలది నెలలలో మరల ఇరుకగుచుండెను. దానికి ఊతకోల కావలసివచ్చినది. అర్జెంటీనాలో పుట్టి అమెరికాలో పనిచేయుచున్న హూలియో పాల్మాజ్ 1978లో గ్రుంట్‌సిగ్ ఉపన్యాసము విని ఆ యాలోచనలో పడెను. తాపీపనివారు గోడకు గచ్చు పట్టుటకై కొట్టు ఇనుప జాలి ముక్క యొకటి అతని కంటబడినది. ముడుచుకొనియుండి, లాగిన విచ్చుకొని, విచ్చుకొనిన తరువాత అట్లే నిలుచు గుణము ఆ జాలిలో కలదు. అతనికి తొలి పెట్టుబడి ఇచ్చినది వైద్యపరికరముల కంపెనీ కాదు. ఫిల్ రొమానో అను హోటలు యజమాని రెండు లక్షల ఏబదివేల డాలర్లిచ్చెను. తరువాతనే జాన్సన్ అండ్ జాన్సన్ వారు హక్కులు కొనిరి. ఈలోగా 1986లో ఫ్రాన్సులోని టూలూజున జాక్ పుయెల్, స్విట్జర్లండులోని లొజానున ఉల్రిక్ సిగ్‌వార్ట్, తమంత తాము విచ్చుకొను మరియొక రకపు జాలిని మనుష్యుల గుండె నాళములలో మొదటిసారి నిలిపిరి. పాల్మాజ్ జాలి అమెరికాలో గుండెకు వాడుటకై 1994లో అనుమతి పొందినది.

పాఠకులు ఒక విషయము గమనింపవలెను. ఇందలి తొలి అడుగు లేవియు లక్షలకొలది లాభము చూచి వేసినవి కావు. ఆసుపత్రిలో రోగి ప్రక్కన నిలుచువాడు, చేతిపనియందు ఆసక్తి కలవాడు, పై వారి పరిహాసమును ఓర్చినవాడు మొదట వేసెను. ధనవంతములైన సంస్థలు దారి తెలిసిన తరువాత వచ్చినవి. వచ్చి చేసిన మేలు తక్కువదని మేమనము. వేలకొలది పనిముట్లను వెంట్రుకవాసి తేడా లేకుండ చేయుట వంటయింటి బల్లపై సాగదు. కాని, లాభమునకు హద్దు పెట్టినంతనే కల్పనాశక్తి ఎండిపోవునను మాటకు ఈ చరిత్రములో సాక్ష్యము లేదు.

మందు పూసిన స్టెంటు కథలో మన దేశీయుడొకడు కలడు. ఈస్టర్ దీవి మట్టిలోని సూక్ష్మజీవినుండి రాపమైసిన్ అను పదార్థమును వేరుచేసి, దాని గుణములు తెలిసికొనినవాడు సురేంద్రనాథ్ సెహగల్. ఆయన పనిచేయుచున్న కంపెనీ కెనడాలోని ప్రయోగశాలను మూసి పరిశోధనను విడిచిపెట్టగా, ఆయన ఆ జీవిని తన యింటి ఫ్రీజరులో దాచి, కొన్నేండ్ల పిదప మరల పని మొదలుపెట్టించెను. కణములు మితిమీరి పెరుగకుండ ఆపు ఆ మందునే స్టెంటుపై పూసి 1999 డిసెంబరులో బ్రెజిలులోని సావో పాలోలో ఎడ్వార్డో సౌజా రోగులకు వేసెను. మరల మూసుకొను నాళముల సంఖ్య మిక్కిలి తగ్గినది. 2003లో అమెరికా అనుమతియు వచ్చినది. పెద్ద దేశముల ప్రయోగశాలలే అన్నియు చేయవలెనను నియమము లేదని ఈ కథ చెప్పుచున్నది. తొలి పరీక్ష సావో పాలోలో జరుగగలిగినపుడు హైదరాబాదులో జరుగరాదా?

జరుగకపోలేదు. 1990లలో, అప్పటికి రక్షణమంత్రికి శాస్త్రసలహాదారుగ నున్న అబ్దుల్ కలాముగారును, హైదరాబాదు హృదయవైద్యులు డాక్టర్ బి. సోమరాజుగారును కలసి, క్షిపణుల కొరకు సాధించిన లోహవిద్యను ఆసుపత్రికి మళ్లించి చౌకయైన స్టెంటు నొకటి చేయించిరి. కలాం-రాజు స్టెంటని దానికి పేరువచ్చినది. తెలుగువారికి గర్వకారణమే. కాని గర్వముతో ఆగిపోవుటయే మనకు వాడుక. ప్రపంచము మందు పూసిన స్టెంటు వైపునకు, ఆపైన మరింత సన్నని తీగల స్టెంటు వైపునకు నడచినది. పరికరమనునది ఒకమారు కనిపెట్టి ముగించునది కాదు; అయిదారేండ్లకొక తరము మారును. ఒక మహనీయుని చొరవతో పుట్టినదానికి ఆయన వెనుక నిలిచి పెంచు సంస్థ లేనిచో అది జ్ఞాపకముగనే మిగులును. కలాం-రాజు స్టెంటు పేరు నేడు ఆసుపత్రి బిల్లులలో కంటె ఉపన్యాసములలోనే ఎక్కువగ వినబడుచున్నది.

దీనికి ఎదురుగ తిరువనంతపురపు శ్రీచిత్రా సంస్థ కథ యున్నది. అచట చేసినది నాళపు జాలి కాదు, గుండె కవాటము. అయినను నెత్తుటిలో నిరంతరము మునిగియుండవలసిన వస్తువే గనుక కష్టములు ఒక్కటియే. డాక్టర్ ఎం. ఎస్. వలియత్తాన్ నాయకత్వమున మూడు నమూనాలు విఫలమైనవి. నాలుగవది 1990 డిసెంబరులో మొదటి రోగికి అమర్చబడినది. నేటికి లక్షకు పైగా అమర్చిరి. మూడు పర్యాయములు చెడినను ప్రభుత్వపు సొమ్ముతో నడచు సంస్థ పని మానుకొనలేదు. టీటీకే అను కంపెనీ తయారీకి ముందుకు వచ్చినది. ఆసుపత్రి, కార్ఖానా, జంతుపరీక్షాశాల దగ్గర దగ్గరగ నుండెను. ఈ మూడును కూడినచోటనే కవాటము పుట్టినది. మన రాష్ట్రములలో ఈ మూడును లేకపోలేదు, కూడియుండుటయే లేదు. విశాఖలో 270 ఎకరములలో మెడ్‌టెక్ జోన్ వెలసినది. హైదరాబాదు చెంత సుల్తాన్‌పూరు వైద్యపరికరముల పార్కులో సూరతునుండి వచ్చిన సహజానంద సంస్థ స్టెంట్లు చేయుచున్నది. గుజరాతులోని వాపీలో మెరిల్ వారు స్టెంట్లతో పాటు, గజ్జలోని నాళము గుండ పంపి నిలుపు కవాటమును గూడ చేసి విదేశములకు పంపుచున్నారు. వెల హద్దు వచ్చిన తరువాతనే ఈ స్వదేశీ సంస్థలు విస్తరించినవని వ్యాపారుల వాదమును నమ్మువారు గుర్తుంచుకొనవలెను. హద్దు వచ్చిన వెంటనే కొన్ని విదేశీ కంపెనీలు తమ మేలురకములను వెనుకకు తీసికొందుమని అర్జీలు పెట్టినవి; దేశము స్టెంట్లు లేక అలమటింపలేదు.

అయినను హద్దునందు లోపము లేదని కాదు. మందు పూసిన స్టెంటులన్నిటికిని ఒకే వెల కట్టినందున, పాతదానికంటె నిజముగా మేలైనది చేసినవానికిని, పాతదానినే అచ్చుగుద్దినవానికిని ప్రతిఫల మొక్కటియే. ఆ హద్దు టోకు ధరల సూచికతో ఏటేట కదలి 2025 నాటికి 38 వేల రూపాయలు దాటినది. పెరుగుదల అందరికిని సమానమే. మేలురకమునకు వేరు వెల యిమ్మని వ్యాపారులు 2018లో కోరగా సంస్థ ఒప్పుకొనలేదు. ఒప్పుకొనకపోవుటయే మంచిదని మా యభిప్రాయము. ఏలయన మేలని చెప్పుకొనునది నిజముగా మేలా కాదా అని తేల్చు స్వతంత్ర పరీక్ష మన దేశములో జరిగినది తక్కువ. విదేశములలో సయితము క్రొత్తది మేలగునను నమ్మకము భంగపడిన సందర్భమున్నది. నాళములో కొన్నేండ్లకు కరగిపోవు అబ్సార్బ్ అను స్టెంటును 2016 జులైలో అమెరికా ఆమోదించినది. దానిలో రక్తపుగడ్డలు ఎక్కువగ కట్టుచున్నవని తేలగా 2017 సెప్టెంబరులో ఆ కంపెనీయే అమ్మకము మానినది. దానికి హెచ్చు వెల యిచ్చినవారు హెచ్చు ప్రమాదమును కొనుక్కొనిరి.

కల్పనకు కావలసిన ధనము రోగి మంచము ప్రక్కనుండి వసూలు కారాదు. దానికి వేరు సంచి యుండవలెను. 2023లో కేంద్రప్రభుత్వము వైద్యపరికరముల జాతీయ విధానమును ప్రకటించినది. ఔషధ, పరికర పరిశోధనకు 5 వేల కోట్ల పథకమును గూడ పెట్టినది. మన వైద్యపరికరములలో నూటికి డెబ్బదికి పైగా నేటికిని దిగుమతులే గనుక ఈ సొమ్ము ఎక్కువేమియు కాదు. అయితే అది ఎవరికి చేరుచున్నదను ప్రశ్న ముఖ్యము. భవనములకును, ప్రారంభోత్సవ శిలాఫలకములకును చేరినచో ప్రయోజనము లేదు. జిల్లా ఆసుపత్రి హృదయవైద్యుడును, ఇంజనీరింగు కళాశాలలోని లోహశాస్త్రజ్ఞుడును ఒకే బల్లకడ కూర్చుండి, మూడు నమూనాలు చెడగొట్టుకొనుటకు అనుమతియు అన్నమును పొందుటకై అది చేరవలెను.

ఇక మరియొక మాట, కొందరు వైద్యమిత్రులకు రుచింపనిది. గుండెపోటు వచ్చి నాళము పూర్తిగ మూసికొనినపుడు గంటలలోపల వేసిన స్టెంటు ప్రాణము నిలుపును. అందు సందేహము లేదు. కాని నడచునపుడు మాత్రము ఎదలో నొప్పి వచ్చి, నిలిచినంతనే తగ్గు నిలకడ జబ్బులో సంగతి వేరు. 2007లో వెలువడిన కరేజ్ పరీక్షయు, 5,179 మందిపై జరిపి 2020లో ప్రకటించిన ఇస్కీమియా పరీక్షయు, అట్టివారికి మంచి మందులిచ్చినను, మందులతో పాటు స్టెంటు వేసినను, మరణములలో భేదము కనబడలేదని తేల్చినవి. నొప్పి తగ్గుటలో స్టెంటు కొంత మేలు. ప్రాణము దక్కవలెనన్న రేపే వేయించుకొనుమని అట్టి రోగిని బెదరించుట మాత్రము శాస్త్రము కాదు. రెండవ పూడిక కూడ కనబడినది, దానికొకటి వేయుదుమని చికిత్సగది తలుపు కడ బంధువు చేత సంతకము చేయించుకొనుటలో శాస్త్రమెంత, వ్యాపారమెంత అని అడుగుటకు వానికి ధైర్యమెక్కడిది? 2007లో ఆంధ్రప్రదేశమున ఆరోగ్యశ్రీ మొదలైన నాటినుండి పేదల చికిత్సకు ప్రభుత్వపు సొమ్మే చెల్లుచున్నది. సొమ్ము చెల్లించువాడు ఏ రోగికి, ఏ కారణమున, ఏ స్టెంటు వేసిరి, అయిదేండ్లకు ఆ మనిషి యెట్లున్నాడు అను లెక్కను అడుగవచ్చును, అడుగవలెను.

అట్టి లెక్క యున్నచో రెండు పనులు నెరవేరును. అక్కరలేని స్టెంట్లు తగ్గును. మన కంపెనీల స్టెంట్లు విదేశపు స్టెంట్లతో తూగునో తూగవో మన రోగులపైననే తెలియును. తూగునని తేలినవానికి ప్రభుత్వాసుపత్రుల కొనుగోళ్లలో ప్రాధాన్య మిచ్చుట ఏ వెల పెంపుకంటెను గొప్ప ప్రోత్సాహము. స్వదేశీ యన్న కారణముచేతనే పరీక్ష లేక కొనుమని మేము కోరము. నాళములో పగిలిన జాలికి స్వదేశాభిమానము తెలియదు.

స్టెంటు వెల తగ్గించిన పిమ్మట ఆసుపత్రి బిల్లు ఆ మేరకు తగ్గలేదని రోగుల బంధువులు తరచు అనుచున్నారు. స్టెంటును మోసికొనిపోవు బుడగ, దానికి దారి చూపు సన్నతీగ, వాని గొట్టములు హద్దుల పట్టికలో లేవు. వానిపై ఏటికి నూటికి పదికి మించి వెల పెంచరాదను సామాన్యనియమము మాత్రము కలదు. మొదటి వెల ఎంత పెట్టినను అడుగువాడు లేడు. ఢిల్లీ ప్రాంతపు నాలుగు ప్రైవేటు ఆసుపత్రుల బిల్లులు చూచి 2018లో ధరల సంస్థ వెల్లడించిన నివేదికలో కొన్ని వస్తువులపై లాభము 1,737 శాతము వరకు కనబడినది. స్టెంటు పేరును, వెలను బిల్లులో వేరుగ చూపవలెనను నిబంధనను 2017లోనే చేసిరి. బుడగకును తీగకును అట్టి నిబంధనయే, వానికిని గరిష్ఠపు వెలయు ఏల యుండరాదో ప్రభుత్వమువారు చెప్పవలెను.

గుండెను దాటి మెదడు సంగతి గలదు. మెదడు నాళములో అడ్డుపడిన గడ్డను జాలితో పట్టి లాగివేయు పనిముట్టు పక్షవాతపు రోగిని నిలువబెట్టునని 2015లో అయిదు పరీక్షలు స్థిరపరచినవి. పని మొదటి ఆరుగంటలలో జరుగవలెను. ఎన్నికచేసిన కొందరికి 24 గంటల వరకు వ్యవధి కలదని 2018లో తేలినది. ఆ జాలి వెల నేడు మన మధ్యతరగతివారికి అందునది కాదు. దానికి వెల హద్దును లేదు, ఆ పని నేర్చిన వైద్యులు పెద్ద నగరములు దాటిన అరుదు. శ్రీకాకుళమునుండి విశాఖకును, ఆదిలాబాదునుండి హైదరాబాదునకును రోగిని చేర్చులోపల ఆరుగంటలు గడచిపోవుచున్నవి. స్టెంటు విషయమున హైకోర్టు వాకిట నిలుచు న్యాయవాది కొరకు దేశము వేచియుండెను. ఈ జాలి విషయమున రెండు రాష్ట్రముల ఆరోగ్యశాఖలు రాబోవు బడ్జెట్లలోనే జిల్లా కేంద్రములలో దీనికి వైద్యులను తరిఫీదు చేయుటకును, విశాఖ, సుల్తాన్‌పూరు కార్ఖానాలలో దీనిని చేయించుటకును సొమ్ము కేటాయింపవలెనని కోరుచున్నాము.